చెరువుగట్టుమీది సిపాయి దిబ్బ

మన ఊరి పెద్దచెరువు గట్టుమీద, రావిచెట్టు దాటగానే తూర్పుప్రక్కను, మోకాలెత్తు మట్టిదిబ్బ యొకటి కలదు. అందరును దానిని సిపాయి దిబ్బ యందురు. పిల్లలు దానిమీదనుండి నీటిలోనికి దుముకుదురు. ఎండకాలమున దానిపై బట్టలు ఆరవేయుదురు. ఏడాదికొకనాడు మాత్రము, భాద్రపద బహుళ చతుర్దశి సాయంకాలమున, మా యింటి ఆడవారు అచట ఒక ప్రమిద వెలిగించి, వెనుకకు చూడక ఇల్లు చేరుదురు.

గ్రంథాలయ రజతోత్సవమునకు గుర్తుగా ఆ దిబ్బ చెంత ఒక శిలాఫలకము నిలుపవలెనని కార్యవర్గమువారు నిశ్చయించిరి. ఫలకముపై చెక్కవలసిన వాక్యమును వ్రాసి యిచ్చు పని నా పాల బడెను. చెందుర్తి యుద్ధమున తెల్లదొరల నెదిరించి వీరస్వర్గము నొంది ఇచ్చట సమాధియైన మహావీరుడని ఒక నమూనా కూడ వారే దయచేసిరి. నేను బాగున్నదని తల యూపిన చాలును. ఊపలేకపోయితిని. ఏల ఊపలేకపోయితినో చదువరులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు.

నేను పండితుడను గాను. కరణీకములు రద్దైన 1984వ సంవత్సరము వరకు ఈ ఊరి లెక్కలు మా యింటనుండెను. తరువాత ఆ వృత్తి పోయినను వాసన పోలేదు. నేను సహకార సంఘపు జమాఖర్చులు వ్రాసి జీవించుచున్నాను. భారత భాగవతములును పురాణములును ఈ గ్రంథాలయపు బీరువాల ముందు కూర్చుండి గురువు లేక చదువుకొన్నవాడను. లెక్కలు వ్రాయువానికొక దుర్గుణముండును. ఓచరు లేని పద్దును ఎంత పెద్దమనిషి చెప్పినను కట్టడు. మా వంశమున అందరును గంటమో కలమో పట్టినవారే. తుపాకి పట్టినవాడు ఒక్కడే. ఆ యొక్కని విషయమున నేను పద్దు తప్పు వ్రాయుదునా?

మొదట చెందుర్తి సంగతి చూతము. గొల్లప్రోలు చేరువనున్న చెందుర్తి మనకు దూరము గాదు. 1758 డిసెంబరులో అచట కర్నల్ ఫోర్డు నడపిన ఆంగ్లేయసేనయు, విజయనగరము ఆనందగజపతిరాజుగారి బలములును ఒకవైపున, కాన్‌ఫ్లాన్ అను ఫ్రెంచి సేనాని మరియొకవైపున నిలిచి పోరిరి. ఫ్రెంచివారు ఓడి రాజమహేంద్రవరము వైపు పారిరి. మరుసటి ఏప్రిలులో బందరు కోట కూడ ఆంగ్లేయుల చేజిక్కెను. ఉత్తర సర్కారుల భవితవ్యమును నిర్ణయించిన యుద్ధమది. అంతటి యుద్ధము ఇంటిముంగిట జరిగినపుడు చుట్టుప్రక్కల ఊళ్లలోని ప్రతి పాతకత్తియు, ప్రతి దిబ్బయు దానికే చెందినవని జనులు చెప్పుకొనుట సహజము. అయితే ఆ యుద్ధమున తెల్లవారు ఇరువైపులనుండిరి. తెల్లదొరల నెదిరించినాడన్న మాటకు అచట అర్థము కుదరదు. ఇరుపక్షముల ముందువరుసలలోను నిలిచి గుండ్లు తిన్నవారు మనవారే.

మా మామ్మగారు, అనగా మా తండ్రిగారి తల్లి, సిపాయి తాత కథ చెప్పునపుడెల్ల ఒక మాట అనెడిది. "శార్వరిలో పోయినాడ్రా, మళ్లీ రాలేదు." ఆమెకు అక్షరములు రావు, కాని సంవత్సరముల పేర్లరువదియు వరుసతప్పక వచ్చును. చిన్ననాడు నేనామాటను లక్ష్యపెట్టలేదు. నలుబదియేండ్లు దాటిన పిదప ఒకనాడు సంఘపు కచేరిలో ఖాళీగా కూర్చుండి సంవత్సరములను వెనుకకు గుణించితిని. చెందుర్తి యుద్ధము జరిగినది బహుధాన్యలో. శార్వరి వచ్చినది 1720లో, 1780లో, 1840లో. 1720లో ఈ సీమలో కంపెనీ సిపాయియే లేడు. 1840 నాటి మావారి పేర్లన్నియు వంశావళిలో నున్నవి, వారిలో తుపాకి పట్టినవాడు కానరాడు. మిగిలినది 1780. చెందుర్తి నాటికిని మా తాత ఇల్లు విడుచుటకును నడుమ ఇరువదిరెండేండ్లు. ఆవిధముగా ఆ నమూనాలోని మొదటి మాట కొట్టివేయవలసివచ్చెను.

1780 అని తేలగానే నా వెదకులాట ఊరు దాటి, జిల్లా దాటి, సముద్రము కూడ దాటిపోయెను. ఆ సంగతి కొంచెము విడమరచి చెప్పవలెను. 1776 జూలై 4వ తేదీన అమెరికావారు ఇంగ్లండు రాజునకు లోబడమని ప్రకటించిరి. 1778లో ఫ్రాన్సు వారితో చేయి కలిపెను. ఇంగ్లండునకును ఫ్రాన్సునకును యుద్ధమన్న మాట విన్నంతనే ఇచటి కంపెనీవారు ఫ్రెంచి స్థావరములపై పడిరి. ఆ అక్టోబరులో పాండిచ్చేరి పడిపోయెను. మనకు పొరుగుననున్న యానాము కూడ ఆ యుద్ధకాలమున వారి వశమయ్యెను. 1779 మార్చిలో మలబారు తీరమందలి మాహే పోయెను. మాహే రేవు మైసూరు హైదరాలీకి మందుగుండు దిగుమతియగు ద్వారము. అది తన రక్షణలో నున్నదని ఆయన ముందే చెప్పియుండెను. దానికితోడు అదే సంవత్సరమున కంపెనీవారు గుంటూరు సర్కారును బసాలతుజంగు వద్దనుండి తీసికొని, అచటికి సైన్యము నంపిరి. 1780 జూలైలో హైదరాలీ కనుమలు దిగి కర్ణాటకముపై విరుచుకొనిపడెను. ఆ సంవత్సరాంతమున డచ్చివారు కూడ ఇంగ్లండునకు శత్రువులైరి. 1781లో మన కాకినాడను ఆనుకొనియున్న జగన్నాథపురపు డచ్చి వర్తకస్థానమును ఆంగ్లేయులు పట్టుకొనిరి. ఎచటనో బోస్టను రేవులో టీ పెట్టెలు నీళ్లలో పడవేసినందుకు జగన్నాథపురములో తలుపులు మూతపడెను! ఇది హాస్యమునకన్నమాట గాదు. 1782లో అమెరికావారు తమ యుద్ధనౌక యొకదానికి హైదరాలీ పేరే పెట్టుకొనిరి. మన దేశపు పోరును తమ పోరులో భాగముగా వారెరిగియుండిరి, మనకే తెలియదు.

ఈ యుద్ధమున కంపెనీకి తుపాకులు మోసినవారెవరు? కొలదిమంది తెల్లవారు, మిక్కిలిమంది తెలుగువారు, తమిళులు, మహమ్మదీయులు. అంతకు ముందే క్లైవుతో బంగాళమునకు పోయిన మద్రాసు సిపాయిలను అచటివారు తిలంగాలని పిలిచిరి. తరువాత అచట ఏ కులమువాడైనను, ఏ దేశమువాడైనను సిపాయియైనచో తిలంగాయే. మన పేరు ఉత్తరదేశమున ఒక ఉద్యోగమునకు పేరైనది. సంతోషింపవలెనో విచారింపవలెనో నేను తేల్చుకొనలేదు.

శార్వరి సంవత్సరమున సర్కారు జిల్లాల సిపాయికి రెండు గతులు కలిగియుండవచ్చును. ఒకటి విశాఖపట్టణము. 1780 అక్టోబరు 3వ తేదీన, హైదరాలీతో పోరుటకై మద్రాసునకు ఓడలో పంపదలచిన సర్కారు సిపాయిల దళములు ఓడ ఎక్కమని తిరుగబడి అధికారులపై కాల్పులు జరిపిరి. ఆంగ్లేయులు కొందరు హతులైరి. పంచాంగము వెనుకకు కట్టి చూడగా ఆ దినము ఆశ్వయుజ శుద్ధమున, నవరాత్రుల నడుమ పడినది. సముద్రముమీది భయమో, ఇంటిమీది బెంగయో, రెండునో. 1857కు డెబ్బదియేడేండ్లు ముందు మన తీరమున జరిగిన తిరుగుబాటిది.

చదువరులారా, నిజము దాచను. ఇది చదివిననాడు నాకు నిద్ర పట్టలేదు. మా తాత ఆ తిరుగబడినవారిలో ఒకడని వ్రాయవలెనని నా మనసెంతో ఉవ్విళ్లూరెను. వ్రాసినచో అడ్డుచెప్పువారు లేరు. కార్యవర్గమువారి నమూనాలోని తెల్లదొరల నెదిరించినాడన్న మాట కూడ నిలుచును. మూడు నెలలు ఆ కాగితమును జేబులో పెట్టుకొని తిరిగితిని. కాని విశాఖపట్టణమునుండి మన ఊరు ఆరేడు దినముల కాలినడక. తిరుగబడి పారిపోయినవాడు ఒక్క రాత్రియైనను, చాటుగానైనను, ఇల్లు చేరడా? మా యింటి కథలో ఆయన మరల గడప త్రొక్కలేదు. ఒక చీటి రాలేదు. వెంట పోయినవాడొకడైనను వచ్చి కబురు చెప్పలేదు. అంతేకాక మా మామ్మగారి కథలో ఓడ లేదు, సముద్రము లేదు. వేరొకటి కలదు.

మన తెలుగునాట కథ ముగియగానే "కథ కంచికి, మనమింటికి" అనుట ఆచారము. మా యింట ఆ మాట అనరు. చిన్నతనమున బడిలో నేర్చికొని వచ్చి నేనొకసారి అనగా, మా మామ్మగారు నా నోటిమీద మెల్లగా కొట్టి, "మన ఇంట్లో అనకూడదురా, కంచికి పోయినవాడు ఇంటికి రాలేదు" అనెను. ఇతర కథలన్నిటి చివరను కూడ ఆమె "సరే, పడుకోండి" అని మాత్రమే అనెడిది. మా అత్తలును అంతే. ఇది మడి ఆచారమని అనుకొంటిమిగాని, కారణమెన్నడును అడుగలేదు.

రెండవ గతి కంచియే. గుంటూరు సర్కారునకు పంపిన దళమును కర్నల్ బెయిలీ నడపుచుండెను. హైదరాలీ దిగెనని తెలిసి, కంచివద్ద హెక్టర్ మన్రో సేనను కలిసికొమ్మని అతనికి ఆజ్ఞ వచ్చెను. దళము దక్షిణమునకు నడచి ఆగస్టు చివర కొర్తలయారు ఏటివద్దకు చేరెను. ఆ సాయంకాలము ఏరు దాటదగియే యుండెనట. ఈవలి గట్టుననే గుడారములు వేసిరి. రాత్రి వరద వచ్చెను. వారము దినములకు పైగా ఒడ్డునే పడియుండవలసివచ్చెను. గోదావరి లంకలలో పెరిగినవానికి, నీరు తగ్గియున్నపుడే రేవు దాటవలెనని పసితనముననే తెలియును. ఆ రాత్రి మన డెల్టా సిపాయి ఒకడు ఆ గట్టున కూర్చుండి ఏమనుకొనెనో! సేనాపతి అతని నడుగలేదు కదా.

ఆ ఆలస్యమే కొంపముంచెను. సెప్టెంబరు 6వ తేదీన టిప్పు వారిని అడ్డగించెను. మన్రో కొంత బలము నంపెను. అందరును కలిసి సుమారు నాలుగువేలమంది. 10వ తేదీన, భాద్రపద శుద్ధపక్షమున, కంచికి కొన్ని కోసుల దూరములో పొల్లిలూరు వద్ద హైదరాలీ, టిప్పులు వారిని చుట్టుముట్టిరి. మైసూరు అగ్నిబాణములు వర్షించెను. మందుగుండు బండ్లు పేలిపోయెను. చతురస్రముగా నిలిచిన దళము అంతకంతకు కుంచించుకొనిపోయి చివరకు లొంగెను. మన్రో కంచినుండి కదలి సకాలమునకు అందుకొనలేదు. సిపాయిలలో అధికసంఖ్యాకులు అచటనే మడిసిరి. చిక్కినవారిని శ్రీరంగపట్టణమునకు గొనిపోయిరి. 1784 మార్చి 11న మంగుళూరు సంధి జరిగిన పిదప బ్రతికియున్న బందీలు విడుదలయైరి.

కల్నల్ విల్సను వ్రాసిన మద్రాసు సైన్య చరిత్రమును దొరికినంతవరకు చదివితిని. అందు అధికారుల పేర్లు, పదవులు, గాయములు కలవు. సిపాయిలు మాత్రము అంకెలుగా కలరు. లెక్కలు వ్రాయువాడనుగావున అంకెలపై నాకు గౌరవమే. అయినను ఆ పుట త్రిప్పునపుడు నా వ్రేలు ఒక అంకెమీద ఆగి, ఈ మొత్తములో ఒకటి మాది యని తోచినది.

ఇక దిబ్బ సంగతి. గత వేసవిలో గట్టు వెడల్పు చేయునపుడు దిబ్బకొక ప్రక్క తెగినది. బొగ్గుపొడియు, పిడత పెంకులును, చిన్న యిటుకల వరుస యొకటియు బయటపడెను. ఎముక లేదు. సిపాయి లేడు, ఏమి లేదు, అంతయు కట్టుకథయని కొందరు నవ్విరి. నిజమునకు ఎముక లేకపోవుటయే ఆ దిబ్బ చెప్పు సాక్ష్యము.

మృతుని తిథి తెలిసినచో ఆ తిథినాడే ఆబ్దికము పెట్టుదురు. భాద్రపద బహుళ చతుర్దశి శస్త్రముచే హతులైనవారికి మహాలయపక్షమున ఏర్పడిన దినము. మా యింట ఆ తాతకు వేరు తిథి లేదు. అనగా ఆయుధముచే చచ్చెనని నమ్మిరి. ఎన్నడు చచ్చెనో ఎరుగరు. ఎదుట శవమునుంచుకొని దహనము చేసినవారికి తిథి తెలియకుండునా? పిండప్రదానమున పేరుపెట్టి పిలుచునది మూడు తరములవారినే. ఏడు తరముల వెనుకటివాని పేరు ఎవరి నోటను నిలువలేదు. ఆయన పేరు పోయినది, దినము మిగిలినది.

దేశాంతరగతుడై జాడ తెలియనివానికి పండ్రెండేండ్లు చూచి కర్మ చేయుట మన పెద్దల పద్ధతి. దేహము దొరకనపుడు మోదుగకాడలు మున్నూటయరువది తెచ్చి, తలకిన్ని, కంఠమునకిన్ని, చేతులకిన్ని యని లెక్కపెట్టి మనుష్యాకృతి కూర్చి దహింపవలెనని గరుడపురాణము చెప్పుచున్నది. దీనిని పర్ణనరదాహమందురు. భారతమున స్త్రీపర్వము చదివినవారికి తెలియును: యుద్ధానంతరమున ధర్మరాజు తనవారికే గాక, నా యన్నవారు లేని దిక్కుమాలిన మృతులకు కూడ దహనము చేయించెను. కురుక్షేత్రమున శవములున్నవి, చేయువారు లేరు. మా యింట చేయువారున్నారు, శవము లేదు.

శార్వరికి పండ్రెండవ యేడు పరీధావి, అనగా 1792. అంతకు మూడేండ్ల ముందు, 1789 డిసెంబరులో, కోరంగిని ఉప్పెన ముంచెను. వెనువెంటనే ఉత్తర సర్కారులను గొప్ప కరవు పీడించెను. అట్టి దినములలో, తినుటకు గింజలు కరవైన యింట, మోదుగకాడలు లెక్కపెట్టి ఒక మనిషిని కూర్చి చెరువుగట్టున కాల్చిరి. అప్పటి వల్లకాడు అచటనే యుండెనని పెద్దల మాట. ఆ బూడిదమీది దిబ్బయే మన సిపాయి దిబ్బ. అందులో నున్నది మోదుగకాడల బొగ్గు.

ఈ కథలో ఇంతవరకు నేను చెప్పనివారొకరు కలరు: ఆ తాత భార్య. ఆమె పేరును నిలువలేదు. ఆ పండ్రెండేండ్లును ఆమె బొట్టు పెట్టుకొని, గాజులు తొడిగికొని, పేరంటములకు పోయెనట. కర్మ జరిగిననాడు మాత్రము పెద్దలు చెప్పినను ఆమె బొట్టు తీయలేదట. "ఆకుల మనిషి చచ్చిపోతే నేనెందుకు బొట్టు తియ్యాలి?" అనెనట. మా మామ్మగారు ఈ మాట చెప్పునపుడు గొంతు తగ్గించెడిది. ఆ కాలమున ఆ మాట యన్న ఆడుదాని గతి ఏమైయుండునో ఊహింపవచ్చును. ఆమె ఏటేట చతుర్దశినాడు దిబ్బమీద దీపము పెట్టి వచ్చెడిదట. చచ్చినవానికి పెట్టినదో, దారి తప్పినవానికి పెట్టినదో. ఆ దీపమే నేటివరకు మా యింటి ఆడవారి చేతులమీదుగా వచ్చుచున్నది. మగవారము మేము పిండము పెట్టి చేతులు కడుగుకొంటిమి.

కొన్నేండ్ల క్రిందట రంగనాథస్వామి దర్శనమునకై శ్రీరంగపట్టణము పోయితిని. బెయిలీ అచటి చెరలో 1782 నవంబరులో మరణించెను. అతని బంధువు 1816లో కట్టించిన స్మారకమండపము గుంబజు చెంత నేటికిని నిలిచియున్నది. పొల్లిలూరు పొలములలో సయితము, 1781లో అదేచోట జరిగిన రెండవ యుద్ధమున పడిన ఇద్దరు ఆంగ్లేయాధికారులకు రెండు స్తంభములు కలవు. వారి వారు వారిని తలచుకొనిరి. దానికి నేను అసూయపడను. మన భీమునిపట్టణము, బందరులలోని డచ్చి గోరీలమీద కూడ పేర్లు, తేదీలు చెక్కియున్నవి. అమెరికాలోనున్న మన ఊరి ఆడపడుచొకతె, అచటి స్వాతంత్ర్య యుద్ధమున పోరిన ఒక సిపాయి సమాధియొద్ద చిన్న జెండా గ్రుచ్చియున్న పటమును నాకు పంపెను. అట్టి సమాధులను వెదకి గుర్తులు పెట్టుటకే అచట 1889, 1890 సంవత్సరములనుండి వంశజుల సంఘములు పనిచేయుచున్నవి. అదే యుద్ధపు మరియొక కొసన పడిన మావానికి మోదుగకాడలు.

శ్రీరంగపట్టణమున దరియాదౌలతు మహలు గోడమీద టిప్పు పొల్లిలూరు యుద్ధమును చిత్రింపించెను. నడుమ పల్లకిలో బెయిలీ వ్రేలు కరచుకొని కూర్చున్నాడు. చుట్టును చతురస్రముగా ఎఱ్ఱకోటుల సిపాయిలు, వరుస వెనుక వరుస. ముఖములన్నియు ఒక్క తీరుననే యున్నవి. చిత్రకారునికి వారితో పనిలేదు. నేను గంటకు పైగా అచట నిలుచుండి, ఒక్కొక్క ముఖమును చూచుచు పోయితిని. కాపలాదారు మూసివేయు వేళయైనదని చెప్పగా బయటకు వచ్చితిని.

ఇక ఫలకము. మావాడు తెల్లదొరల నెదిరింపలేదు; వారి జీతము తిని, వారికై పోరి, పరాయి రాజుల పరాయి యుద్ధమున పడెను. అతనిని స్వాతంత్ర్యయోధుడని చెక్కించుట నాకిష్టము లేదు. అందుకై అతనిని నిందించుటయు ఇష్టము లేదు. జీతమునకై నేడును మన పిల్లలు ఎంతెంత దూరములు పోవుటలేదు? కార్యవర్గమువారు క్షమించి, నమూనాకు బదులుగా ఈ క్రింది మాటలు చెక్కింప ప్రార్థించుచున్నాను:

"శార్వరి సంవత్సరమున (1780) ఇల్లు విడిచి, కంచి సీమ యుద్ధమునకు పోయి మరలిరాని ఈ ఊరి సిపాయికిని, అతనికై దీపము పెట్టిన ఇల్లాలికిని."

పోయినాడని మాత్రము వ్రాసితిని, పడినాడని వ్రాయలేదు. పడినాడని నా నమ్మకము. పోయినాడనునది మా యింటి ఆడవారి సాక్ష్యము. ఫలకమున నమ్మకమునకు చోటు చాలదు.

గట్టు పని మరల దసరా తరువాత మొదలగునని వినుచున్నాను. దారిని దిబ్బకు మూడు గజములు పడమటికి జరిపినచో చాలును. రావిచెట్టు కూడ దక్కును. పంచాయతివారికి అర్జీ వ్రాసి గ్రంథాలయపు బల్లమీద నుంచితిని, చదివి చేవ్రాలు చేయదలచినవారు చేయవచ్చును. ఈ భాద్రపద బహుళ చతుర్దశినాడు, దీపాలవేళకు, మా యింటివారు ఎప్పటివలె గట్టుమీదికి పోవుదురు. ఈసారి మగవారము కూడ వెంట పోదలచితిమి.